మూడు గంటలు ఏరినా వారానికి మళ్ళీ అంతే... మనం చేసేది సముద్రానికి ఏమైనా ఉపయోగమా?

ఉప్పుగాలి, విశాఖపట్నం
25 మే 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ మనసు బాగోక రాస్తున్నాను.

రెండేళ్ళుగా నేను, మా ఆవిడ, పక్కింటి పిల్లలిద్దరు ఆదివారం పొద్దున్నే ఒడ్డుకెళ్ళి ప్లాస్టిక్ ఏరుతున్నాం. మా ఇంటి దగ్గర ఒక గెడ్డ, అంటే చిన్న కాలవ, సముద్రంలో కలుస్తుంది. దానికి అటూ ఇటూ ఓ రెండొందల గజాలు మేము చూసుకుంటాం. ఇవాళ ఏడు గోనె సంచులు నిండాయి. నీళ్ళ ప్యాకెట్లు, గుట్కా కవర్లు, తెగిన చెప్పులు, థర్మాకోల్ ముక్కలు, నైలాన్ తాళ్ళు. పోయిన ఆదివారం ఇదే చోట ఒక్క కాగితం లేకుండా చేసి వెళ్ళాం.

ఇసకలోంచి ఒక షాంపూ ప్యాకెట్టు లాగాను. రంగంతా పోయి తెల్లబడింది, కంపెనీ పేరు చెరిగిపోయింది. మూల మీద ‘50 పైసలు’ అన్నది మాత్రం చదవొచ్చు. అర్ధరూపాయి షాంపూ నేను కాలేజీలో ఉన్నప్పటి మాట. ఎవరో ఒక్కసారి తల రుద్దుకుని పారేశారు. ఆ తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్ళైంది, పెద్దమ్మాయి ఇంటర్‌కి వచ్చింది. ఆ ప్యాకెట్టు మాత్రం చిరగను కూడా లేదు. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

"చెంబుతో సముద్రాన్ని తోడుతున్నావు బావా" అంటాడు మా బావమరిది. నిజంగా అంతేనా? నన్ను ఓదార్చడానికి కాదు, తెలిసినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

లెక్కల మాస్టారు, విజయనగరం
25 మే, రాత్రి 10:55

ఉన్నదున్నట్టు అన్నారు కాబట్టి చెప్తున్నాను, నొచ్చుకోకండి.

2015లో ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 2010 ఒక్క ఏడాదిలో నేల మీది నుంచి సముద్రంలో కలిసిన ప్లాస్టిక్ 48 లక్షల టన్నుల నుంచి కోటీ 27 లక్షల టన్నుల దాకా ఉంటుందని అందులో అంచనా వేశారు. తక్కువ అంకే తీసుకుందాం. మీ ఏడు సంచులూ కలిపి 56 కిలోలు అనుకుంటే, ఆ ఒక్క ఏడాది చెత్త ఎత్తడానికి మీలాంటి ఆదివారాలు ఎనిమిదిన్నర కోట్లు కావాలి.

ఇంకోటి కూడా చూడండి. ప్లాస్టిక్ పుట్టిన దగ్గర్నుంచి 2015 దాకా ప్రపంచం తయారుచేసింది 830 కోట్ల టన్నులు. వాడి పారేసినదాంట్లో రీసైకిల్ అయింది 9 శాతం మాత్రమే. తయారీ తగ్గకుండా ఒడ్డున ఎంత ఏరినా మొత్తం మీద తరిగేదేమీ ఉండదు. మీ శ్రమ మీద నాకు గౌరవం ఉంది. కానీ అడిగింది లెక్క కాబట్టి నా జవాబు ఇది.

జాలరిబిడ్డ, పూడిమడక
26 మే, ఉదయం 6:20

మాస్టారూ, మీ లెక్క కాదనను. కానీ సముద్రంలో ఉన్నదంతా షాంపూ ప్యాకెట్లే కాదు. అందులో మావాళ్ళ తప్పు కూడా ఉంది, అది నేనే ముందు ఒప్పుకుంటాను.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, నాన్న ఒడ్డునే కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. పాడైన చోట కోస్తారు, కొత్త ముక్క వేసి అల్లుతారు. కోసిన ముక్క అక్కడే పడి ఉంటుంది, పెద్ద అల వస్తే తీసుకుపోతుంది. మా తాత కాలంలో నూలు వలలు. పాడైతే నీళ్ళలోనే కుళ్ళిపోయేవి. నైలాన్ కుళ్ళదు. సముద్రంలో తెగిపోయిన వల పట్టేవాడు లేకపోయినా వేట చేస్తూనే ఉంటుంది.

మూడేళ్ళ కిందట అలాంటి వల చుట్టుకుని ఒక తాబేలు మా ఒడ్డుకి కొట్టుకొచ్చింది. నేనే బ్లేడుతో కోసి విడిపించాను. కుడివైపు ముందుకాలు దగ్గర తాడు మాంసంలోకి దిగిపోయి, చుట్టూ తెల్లగా ఉబ్బి ఉంది. నీళ్ళలోకి వదిలితే తిన్నగా పోలేకపోయింది, ఒకవైపుకే తిరుగుతూ పోయింది. బతికిందో లేదో.

పసిఫిక్‌లో పెద్ద చెత్త మేట ఉందంటారు కదా, 2018లో దాన్ని కొలిస్తే బరువులో 46 శాతం వలలే అని తేలింది. కాబట్టి ఊళ్ళోవాళ్ళు ఎంత జాగ్రత్తపడినా, వేటకెళ్ళేవాళ్ళు కూడా మారాలి.

కేరళలో కొల్లం దగ్గర నీండకర హార్బర్‌లో 2017లో ‘శుచిత్వ సాగరం’ అని ఒకటి మొదలుపెట్టారు. బోట్లకి సంచులిచ్చారు. వలలో చేపతోపాటు పడ్డ ప్లాస్టిక్‌ని తిరిగి నీళ్ళలో పడెయ్యకుండా ఒడ్డుకి తెస్తారు. దాన్ని కడిగి, ముక్కలు చేసి, రోడ్డు వేసే తారులో కలుపుతారు. వేరుచేసే పని ఆడవాళ్ళకి ఉపాధి అయింది. నాన్నకి చెప్తే "చేపకే చోటు చాలదు, చెత్త ఎక్కడ పెట్టను" అన్నారు. నేను కూడా వదల్లేదు. వేట మొదలైనప్పుడు ఒక్క సంచి కడతానన్నారు.

గోదారమ్మాయి, కాకినాడ
26 మే, మధ్యాహ్నం 2:15

నా మాట కాస్త కటువుగా ఉంటే మన్నించండి.

ఈ చిన్న చిన్న ప్రయత్నాలు అంటున్నవన్నీ ఇంట్లో ఎవరి నెత్తిన పడుతున్నాయో ఎవరూ అడగరు. పాల ప్యాకెట్టు కత్తిరించేటప్పుడు మూల తెగి పడకుండా చూడాలి, కడగాలి, ఆరేయాలి. తడిచెత్త వేరు, పొడిచెత్త వేరు. మార్కెట్‌కి సంచి గుర్తుపెట్టుకుని తీసుకెళ్ళాలి. మా ఇంట్లో ఇవన్నీ నేనే. ఆయన చేపలకి వెళ్తే నల్ల కవర్లో తెస్తారు, రొయ్యలకి వెళ్తే దానికో కవరు. అడిగితే "వాడిచ్చాడు, తెచ్చాను" అంటారు.

ఇంత చేసి, కడిగి ఆరేసినవి గుజిరీ అబ్బాయికి ఇస్తే పాల కవర్లు తీసుకుంటాడు, సీసాలు తీసుకుంటాడు. చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్ కవర్లు మాత్రం వెనక్కిచ్చేస్తాడు. లోపల వెండిరంగు పొర ఉన్నవి ఎవరూ కొనరట. నాలుగు నెలలు వాటిని ఒక బకెట్లో దాచాను. చివరికి చెత్త బండిలోనే వేశాను. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

నల్లకోటు, గుంటూరు
26 మే, రాత్రి 8:30

అమ్మా, మీ బకెట్టులోనే అసలు విషయం ఉంది. ఆ ప్యాకెట్టు తయారుచేసినప్పుడే అది ఎవరూ కొనని చెత్త అవుతుందని తయారుచేసినవాళ్ళకి తెలుసు. మీకు మాత్రం నాలుగు నెలల తర్వాత తెలిసింది.

ఈ భారం మన మీదకి ఎలా వచ్చిందో కొంచెం చెప్పనివ్వండి. అమెరికాలో 1953లో ‘కీప్ అమెరికా బ్యూటిఫుల్’ అని ఒక సంస్థ పుట్టింది. దాని వెనక ఉన్నది డబ్బాలు, సీసాలు తయారుచేసే కంపెనీలు. 1971లో వాళ్ళు టీవీలో ఒక ప్రకటన వేశారు. రోడ్డు పక్క చెత్త చూసి ఒక మనిషి కన్నీరు పెట్టుకుంటాడు, ‘కాలుష్యం మొదలుపెట్టేది జనమే, ఆపగలిగేది కూడా జనమే’ అని మాట వినిపిస్తుంది. అదే కాలంలో, ఖాళీ సీసా తిరిగిస్తే డబ్బు వాపసిచ్చే చట్టాలు వస్తుంటే ఆ కంపెనీలే వాటిని వ్యతిరేకించాయి. అప్పట్నుంచి తప్పంతా పారేసినవాడిదే అయింది.

మన దగ్గర 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు 19 రకాలు నిషేధించారు. స్ట్రాలు, చెంచాలు, ప్లేట్లు, ఇయర్‌బడ్స్ పుల్లలు అలాంటివి. చేతి కవర్లు 120 మైక్రాన్ల కంటే పల్చగా ఉండకూడదని 2022 డిసెంబర్ 31 నుంచి రూలు. గుట్కాకి ప్లాస్టిక్ ప్యాకెట్టు వాడకూడదని 2016 నిబంధనల్లోనే ఉంది. ఉప్పుగాలి గారి సంచిలో గుట్కా కవర్లు ఎన్ని దొరికాయో చూశారుగా. షాంపూ ప్యాకెట్టు, చిప్స్ ప్యాకెట్టు ఆ 19లో లేనే లేవు. తయారుచేసి అమ్మే కంపెనీలే ఖాళీ ప్యాకెట్టు వెనక్కి సేకరించే బాధ్యత తీసుకోవాలని చట్టంలో ఉంది. అది గట్టిగా అమలైతే మీ బకెట్టు కోసం కంపెనీ మనిషే మీ గుమ్మంలోకి వస్తాడు.

ఉప్పుగాలి, విశాఖపట్నం
26 మే, రాత్రి 10:05

అందరికీ ధన్యవాదాలు. మాస్టారి లెక్క చదివాక ఇవాళ మా ఆవిడకి ఏమీ చెప్పలేదు. గోదారమ్మాయి గారూ, మీ పోస్టు మాత్రం చదివి వినిపించాను. "ఆవిడ ఎవరో నా మాటే రాశారు" అంది. మా ఇంట్లో పాల ప్యాకెట్లు రేపట్నుంచి నేను కడుగుతాను.

మూసీ పక్కిల్లు, హైదరాబాద్
27 మే, ఉదయం 11:00

అన్నా, సముద్రం నాకు దాదాపు మూడొందల కిలోమీటర్ల దూరం. అయినా అడుగుతున్నా. మా బస్తీల నాలాలో పడ్డ కవరు మూసీలోకి పోతది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తది. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తది. అంటే నేను పారేసిన కవరు మీ ఒడ్డుకి వచ్చినట్టేనా?

మా అక్కవాళ్ళ ఊరు సిద్దిపేట దిక్కు. అక్కడ స్టీల్ బ్యాంకులు పెట్టారు. మహిళా సంఘం దగ్గర స్టీలు ప్లేట్లు, గ్లాసులు, గిన్నెలు ఉంటాయి. ఫంక్షన్ ఉంటే కిరాయికి తెచ్చుకుని, కడిగి ఇచ్చేయాలి. మా మేనకోడలు ఓణీల ఫంక్షన్‌కి నాలుగొందల మంది తిన్నారు, ఒక్క ప్లాస్టిక్ గ్లాసు లేదు. వెనక పెంటకుప్ప మీద విస్తరాకులే ఉన్నాయి, బర్రెలు తిన్నాయి. అదే మా హైదరాబాద్‌లో ఫంక్షన్ హాల్ వెనక చూస్తే నీళ్ళ సీసాల గుట్ట, సగం నీళ్ళు అట్లనే ఉంటాయి.

డెల్టా నీళ్ళు, నెదర్లాండ్స్
27 మే, రాత్రి 11:45

నాది రేపల్లె. ఇక్కడ నదుల మీద పనిచేస్తున్నాను. ఇద్దరికీ కలిపి చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

2017లో ఒక అధ్యయనం ప్రకారం నదుల ద్వారా వచ్చే ప్లాస్టిక్‌లో దాదాపు అంతా పది పెద్ద నదుల నుంచే వస్తోందనుకున్నారు. 2021లో ఇంకా వివరంగా లెక్క కడితే బొమ్మ మారిపోయింది. 80 శాతం రావడానికి వెయ్యికి పైగా నదులు కావాల్సి వచ్చింది. అందులో ముఖ్యమైనవి పెద్ద నదులు కావు, ఒడ్డున ఉన్న ఊళ్ళ మధ్య నుంచి పారే చిన్న నదులు, కాలవలు. ఎందుకంటే చెత్త ఎంత దూరం ప్రయాణిస్తే దారిలో అంత చిక్కుకుపోతుంది. మూసీ పక్కిల్లు గారి కవరు సముద్రం చేరాలంటే పులిచింతల దాటాలి, ప్రకాశం బ్యారేజీ దాటాలి, తుప్పలు దాటాలి. వరదొస్తే కొన్ని దాటతాయి, చాలావరకు గట్ల మీదే ఆగిపోతాయి. అక్కడ భూమినీ పశువుల్నీ పాడుచేస్తాయి, అది వేరే సంగతి. ఉప్పుగాలి గారి గెడ్డలో పడ్డ కవరుకి మాత్రం అడ్డేమీ లేదు. ఒక్క వాన చాలు, గంటలో సముద్రంలో ఉంటుంది.

ఇక మాస్టారు గారూ, మీ భాగహారం సరైనదే గానీ మొత్తం చెత్త కింద తీసుకున్న సంఖ్య సరికాదని నా అభిప్రాయం. ఉప్పుగాలి గారు ప్రపంచం చెత్త ఎత్తడం లేదు, ఒక గెడ్డ చెత్త ఎత్తుతున్నారు. ఆ గెడ్డ నుంచి వారానికి వచ్చేది ఎంత, అందులో వీళ్ళు ఆపేది ఎంత అని చూడాలి.

ఒడ్డున ఏరడం దండగ అన్నవాళ్ళకి ఇంకో మాట. లోతు నీళ్ళలో చల్లగా, చీకటిగా ఉంటుంది కాబట్టి ప్లాస్టిక్ చాలా నెమ్మదిగా పాడవుతుంది. ఒడ్డున అలా కాదు. ఎండ కాలుస్తుంది, ఇసక రాస్తుంది, అలలు విరగ్గొడతాయి. ఒక కవరు వేల ముక్కలయ్యేది ఎక్కువగా ఇక్కడే. ముక్కలయ్యాక దాన్ని ఏరగలిగే మనిషి గానీ మెషీన్ గానీ లేదు. నెత్తళ్ళలాంటి చిన్న చేపల కడుపులోకి పోతుంది. మీ అర్ధరూపాయి ప్యాకెట్టు ఇన్నాళ్ళూ ఇసక లోపల ఎండ తగలకుండా ఉంది కాబట్టి అలా మిగిలింది. పైకి తేలాక ఒకట్రెండు వేసవులు చూస్తే పొడి అయ్యేది. మీరు దాన్ని సరైన సమయానికే తీశారు.

అయితే ఏరే చోటు కొంచెం మార్చండి. ఒడ్డు మీద కాకుండా గెడ్డలోనే, సముద్రంలో కలవకముందే ఆపగలిగితే అదే మనుషులతో రెట్టింపు పని అవుతుంది.

లెక్కల మాస్టారు, విజయనగరం
28 మే, ఉదయం 7:10

ఒప్పుకుంటున్నాను. పోల్చాల్సిన మొత్తమే తప్పు తీసుకున్నాను. ఉప్పుగాలి గారూ, ఇకనుంచి ఎన్ని సంచులు అని మాత్రమే కాదు, ఏ వస్తువు ఎన్ని వచ్చిందో కూడా రాసిపెట్టండి. వస్తువు పేరు తెలిస్తే అది వచ్చే ఇల్లో, కొట్టో తెలుస్తుంది.

చెన్నై తెలుగు
29 మే, సాయంత్రం 5:25

అలవాటు ముందా, రూలు ముందా అని మా ఆఫీసులో కూడా ఇదే వాదన. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి నిషేధం ఉంది. 2021 డిసెంబర్‌లో ‘మీండుం మంజప్పై’ అని, మళ్ళీ పసుపు సంచి పట్టుకోమని మొదలుపెట్టారు. ఇప్పటికీ కోయంబేడు మార్కెట్లో కవరు అడిగితే ఇచ్చేవాళ్ళు ఉన్నారు. ఐర్లాండ్‌లో 2002లో కవరుకి 15 సెంట్లు పన్ను వేస్తే వాడకం 90 శాతం పైగా పడిపోయిందట. అక్కడివాళ్ళు రాత్రికి రాత్రి మంచివాళ్ళైపోలేదు కదా.

మనవాళ్ళు మారరు అనే మాట మాత్రం నేను నమ్మను. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ళ సీసా అమ్మరు. గాజు సీసా కొనుక్కుంటాం, లేదా ఇంటి నుంచి స్టీలుది పట్టుకెళ్తాం. దర్శనం క్యూలో ఒక్కరు కూడా దాని గురించి గొడవపడటం నేను చూడలేదు. అదే మనుషులం అలిపిరి దిగగానే ప్లాస్టిక్ సీసా కొంటాం. కొండ మీద ఏర్పాటు ఉంది, కింద లేదు.

అనంతవాసి, తిరువనంతపురం
31 మే, రాత్రి 9:15

ఉద్యోగరీత్యా ఇక్కడ ఉంటున్న తెలుగువాడిని. 25న కొచ్చి దగ్గర ఎమ్మెస్సీ ఎల్సా 3 అనే ఓడ మునిగింది. ఇప్పుడు మా ఒడ్డంతా తెల్లటి ప్లాస్టిక్ గుళికలు. అచ్చం సగ్గుబియ్యం. అల వచ్చి వెళ్ళిన గీత పొడుగునా పరుచుకున్నాయి. ఇవాళ మేమంతా జల్లెళ్ళు పట్టుకుని ఇసక జల్లించాం. పొద్దుట్నుంచి వంగి వంగి నడుము పోయింది. నాకు దొరికింది ఒక బకెట్టు.

ఇంట్లో నేను ఏం మానేస్తే ఇది ఆగేది? ఏదీ లేదు. అది ఓడవాళ్ళు, ప్రభుత్వాలు తేల్చాల్సిందే. కానీ ఆ బకెట్టులో ఉన్నవి చేప నోట్లోకి పోవు. రేపు కూడా వెళ్తున్నాను.

డెల్టా నీళ్ళు, నెదర్లాండ్స్
1 జూన్, ఉదయం 10:30

ఉప్పుగాలి గారు నాకు విడిగా అడిగారు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. గెడ్డకి అడ్డంగా అడుగుదాకా వల కట్టకండి. వానొస్తే చెత్త చేరి నీళ్ళు వెనక్కి తన్ని ఇళ్ళలోకి వస్తాయి. నీటి మీద తేలేలా, పై జానెడు మాత్రమే పట్టేలా, ఏటవాలుగా కట్టండి. అప్పుడు చెత్త ఒక గట్టు వైపుకి జరుగుతుంది, అక్కడ నిలబడి తీయొచ్చు. వార్డులో అనుమతి రాయించుకోండి. మనిషి కాపలా లేకుండా రాత్రి వదిలేయకండి.

ఉప్పుగాలి, విశాఖపట్నం
13 జూన్, రాత్రి 10:20

ఇన్నాళ్ళూ రాయలేదు, పనిలో ఉన్నాం. జాలరిబిడ్డ గారి నాన్నగారు పాత వల ఒకటి, బెండ్లు ఇరవై ఇచ్చి, బస్సెక్కి తనే వచ్చి కట్టడం చూపించారు. అనుమతి కాగితానికి నాలుగుసార్లు తిరగాల్సి వచ్చింది. నాలుగోసారి అక్కడే పనిచేసే పారిశుధ్య మేస్త్రి "నేను చెప్తా పదండి" అని తీసుకెళ్ళాడు.

మొదటి వానకే వల తెగిపోయింది. ఎక్కడో పైనుంచి కొట్టుకొచ్చిన కొబ్బరిమట్ట తగిలింది. మళ్ళీ కట్టాం. రెండో వాన మొన్న రాత్రి. పొద్దున్న ఐదింటికి వెళ్తే వల పొట్ట ఉబ్బి, గట్టు వైపు అంతా తెట్టులా చేరి ఉంది. పదకొండు సంచులు. ఆ రోజు ఒడ్డుకెళ్ళి చూస్తే, మా రెండొందల గజాల్లో ఏరడానికి ఒక్క సంచి నిండలేదు.

మాస్టారూ, మీరు చెప్పినట్టు పిల్లలు పుస్తకంలో రాశారు. అన్నిటికంటే ఎక్కువ వచ్చినవి ఏమిటో తెలుసా? రబ్బరు బ్యాండు వేసి కట్టిన పల్చటి చిన్న కవర్లు. చట్నీ, సాంబారు కట్టిచ్చేవి. మూడొందల పన్నెండు. కొన్నిట్లో ఇంకా పల్లీ చట్నీ ఉంది. మా వీధి చివర టిఫిన్ బండ్లు నాలుగున్నాయి, గెడ్డ పక్కనే. ఒకతని దగ్గరికెళ్ళి పుస్తకం చూపించాను. తిడతాడేమో అనుకున్నాను. "కవరుకే నెలకి రెండు వేలవుతోంది సార్, గిన్నె తెస్తే నేను గరిటె ఎక్కువేస్తాను" అన్నాడు. నిన్నట్నుంచి బండికి అట్టముక్క కట్టాడు: ‘గిన్నె తెచ్చినవారికి చట్నీ ఎక్కువ’. ఇవాళ పొద్దున్న అరగంట నిలబడి చూశాను. పద్నాలుగు మంది గిన్నెతో వచ్చారు, అందులో ముగ్గురు మగవాళ్ళు. గోదారమ్మాయి గారికి ఈ సంగతి చెప్పాలనిపించింది. మిగతా మూడు బండ్లవాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు.

షాంపూ ప్యాకెట్లు తొంభై నాలుగు. వాటికి నా దగ్గర దారి లేదు. నల్లకోటు గారూ, ఎవరికి ఎలా రాయాలో చెప్తే ఈ లెక్క, ఫోటోలు పెట్టి రాస్తాను.

నల్లకోటు, గుంటూరు
14 జూన్, ఉదయం 8:00

ఏ కంపెనీది ఎన్ని వచ్చాయో వేరుచేసి, తేదీలతో మూడు వానల లెక్క రాయించండి. ప్యాకెట్టు మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే అది కూడా. అర్జీ నేను రాసిస్తాను, ఫీజు అక్కర్లేదు. ఆ అర్ధరూపాయి ప్యాకెట్టు ఉందా? పారేయకండి, దాన్ని కూడా జతచేద్దాం.

జాలరిబిడ్డ, పూడిమడక
15 జూన్, ఉదయం 10:40

రాత్రి పన్నెండుకి నిషేధం ముగిసింది. నాన్నావాళ్ళు తెల్లారి వచ్చేశారు. కానాగంతలు బాగానే పడ్డాయి. చెప్పినట్టే సంచి కట్టారు. అందులో నీళ్ళ సీసాలు, ఒక నూనె డబ్బా, అడుగున ఎవరిదో తెగిన వల ముక్క. ఉప్పునీళ్ళు పట్టి మనిషంత బరువుంది, ఇద్దరు పట్టి దించారు. గుజిరీ కొట్టాయన నైలాన్ తీసుకుంటానన్నాడు, ఉప్పు పోయేలా కడిగి తెమ్మన్నాడు. నేనూ తమ్ముడూ కడుగుతున్నాం.

ఉప్పుగాలి గారూ, తెగిన దాని బదులు ఇంకో వల తీసి ఉంచాను. దీని కన్ను చిన్నది, మీ చట్నీ కవర్లు కూడా ఆగుతాయి. బుధవారం అనకాపల్లి బస్సులో పంపిస్తాను, కాంప్లెక్స్ దగ్గర తీసుకోండి.